తన హత్య గురించి ముందే ఆరా తీసిన మనిషి: భిలాయి శంకర్ గుహ నియోగి

శంకర్ గుహ నియోగి హత్య కేసులో దర్యాప్తు అధికారుల చేతికి వచ్చిన వాటిలో ఒక డైరీ, ఒక చిన్న టేపు కేసెట్ ఉన్నాయి. రెండూ హతుడివే. తనను చంపించే ప్రయత్నం జరుగుతోందని, అది ఎటువైపు నుంచి రావచ్చని తాను అనుకుంటున్నారో ఆయన బతికుండగానే ఒకచోట రాసిపెట్టారు, మరోచోట గొంతుతో చెప్పిపెట్టారు. 1991 సెప్టెంబర్ 28 తెల్లవారుజామున భిలాయిలోని హడ్కో కాలనీలో అద్దె ఇంట్లో నిద్రపోతుండగా కిటికీలోంచి ఎవరో నాటు తుపాకీతో కాల్చారు. అప్పటికి ఆయన వయసు 48 ఏళ్లు.

ఆ డైరీ, ఆ కేసెట్ ఒక్క రోజులో పుట్టినవి కావు. మనుషుల్ని అడిగి విషయం రాబట్టడం, దాన్ని పోగేయడం, దాని మీద నిలబడి పని మొదలుపెట్టడం ఆయనకు ముప్పై ఏళ్ల అలవాటు. ఆయన పోలీసు కాదు, ప్రభుత్వ అధికారి కాదు. నోటీసు ఇచ్చి పిలిపించే హక్కు గానీ, జవాబు చెప్పకపోతే శిక్షించే అధికారం గానీ ఆయనకు లేవు. చెప్పాలనిపిస్తే చెబుతారు, లేకపోతే తలుపు వేసుకుంటారు. అలాంటి ప్రైవేటు మనిషికి జనం ఎందుకు నోరు విప్పుతారు? అలా దొరికిన సమాచారం ఎంతవరకు పనికొస్తుంది, ఎక్కడ ఆగిపోతుంది? నియోగి జీవితం, ఆయన చావు తర్వాత పద్నాలుగేళ్లు నడిచిన కేసు ఈ రెండు ప్రశ్నలకు చెరో జవాబు చెబుతాయి.

కోక్ ఒవెన్ నుంచి క్వారీ దాకా

అసలు పేరు ధీరేశ్ గుహ నియోగి. 1943 ఫిబ్రవరి 14న బెంగాలీ కుటుంబంలో పుట్టారు. చిన్నతనం అస్సాంలో, ఆసన్‌సోల్ బొగ్గు గనుల ప్రాంతంలో గడిచింది. జల్పాయిగుడిలో చదువుకుంటూ విద్యార్థి ఉద్యమంలోకి వచ్చారు. 1960ల మొదట్లో భిలాయి చేరారు.

అప్పటి భిలాయి దేశానికి కొత్త ఆశ. సోవియట్ సహాయంతో కట్టే ఉక్కు కర్మాగారానికి 1955లో ఒప్పందం కుదిరింది. 1959 ఫిబ్రవరిలో రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. దేశం నలుమూలల నుంచి మనుషులు వచ్చి చేరారు. ఉత్తరాంధ్ర పల్లెల నుంచి వెళ్లిన తెలుగు కుటుంబాలూ అందులో ఉన్నాయి. చెట్లు, వెడల్పాటి రోడ్లు, సెక్టార్లు, బడులు, ఆసుపత్రి ఉన్న టౌన్‌షిప్ అది. ఆ గీత దాటితే కాంట్రాక్టు కూలీల బస్తీలు. ఒకే ఉక్కు కోసం పనిచేసేవాళ్లు రెండు లోకాల్లో బతికేవారు.

నియోగి కోక్ ఒవెన్ విభాగంలో నిపుణ కార్మికుడిగా చేరారు. బొగ్గును గాలి తగలకుండా కాల్చి కోక్ చేసే చోటు అది. వేడి, పొగ, బూడిద. పని చేస్తూనే కార్మికులను కూడగట్టారు. నక్సల్బరీ తర్వాతి రాజకీయాల ఊపులో ఉద్యోగం పోయింది. కొంతకాలం ఆ రాజకీయాలతో నడిచినా, ప్రజాసంఘాలను వదిలేయాలన్న మాట దగ్గర ఆయనకు పొసగలేదు. పార్టీకి దూరమయ్యారు.

ఆ తర్వాతి కొన్నేళ్లే ఆయన్ను తయారుచేశాయి. పోలీసుల కంట పడకుండా ఛత్తీస్‌గఢ్ పల్లెల్లో తిరిగారు. మేకలు అమ్మారు, కూలి పని చేశారు. శంకర్ అన్న పేరు ఆ రోజుల్లో పెట్టుకున్నదే. మేకల బేరం చేసేవాడికి ఊళ్లోకి వెళ్లడానికి కారణం అక్కర్లేదు. ఎవరి అరుగు మీదైనా కూర్చోవచ్చు. పంట ఎలా ఉంది, అప్పు ఎవరి దగ్గర తెచ్చారు, అడవి గార్డు ఎంత గుంజుతున్నాడు అన్న మాటలు బేరం మధ్యలో వాటంతటవే వస్తాయి. హిందీ తప్ప మరో భాష రాని నాయకులు వినలేనివి ఛత్తీస్‌గఢీ నేర్చుకున్న ఈ బెంగాలీ విన్నారు. తర్వాత దానీటోలా క్వార్ట్‌జైట్ గనిలో కూలీగా చేరారు. అక్కడే ఆదివాసీ యువతి ఆశను పెళ్లి చేసుకున్నారు. ఎమర్జెన్సీలో మీసా కింద ఆయన్ను అరెస్టు చేసి జైల్లో పెట్టేనాటికి, బయటి నుంచి వచ్చి ప్రశ్నలు వేసే మనిషిగా ఆయన్ను అక్కడ ఎవరూ చూడటం లేదు. తమతో పాటు రాయి కొట్టిన మనిషి ఆయన.

అడిగేవాడు ఎవరన్నదే జవాబును నిర్ణయిస్తుంది. పోలీసు అడిగితే కూలీ తనకేం తెలియదంటాడు. సర్వే గుమాస్తా అడిగితే ఏం చెబితే ఏం ఊడుతుందోనని లెక్కవేసుకుని చెబుతాడు. పక్కన కూర్చుని అదే గంజి తాగేవాడు అడిగితే ఉన్నది చెబుతాడు. నియోగికి ఇది పుస్తకాల్లో దొరికిన సూత్రం కాదు.

దల్లీ రాజహరాలో

భిలాయి కొలిమికి ఇనుప ఖనిజం వచ్చేది దల్లీ రాజహరా గనుల నుంచి. 1977 మొదట్లో అక్కడి కాంట్రాక్టు కార్మికులు పాత సంఘాల మీద తిరగబడ్డారు. అదే ఖనిజం తవ్వే పర్మినెంటు కార్మికుడికి ఒక బోనస్, తమకు అందులో చిన్న భాగం అని తేలడమే కారణం. జైలు నుంచి వచ్చిన నియోగిని వెతుక్కుంటూ వెళ్లి పిలుచుకొచ్చారు. 1977 మార్చిలో ఛత్తీస్‌గఢ్ మైన్స్ శ్రామిక్ సంఘ్ ఏర్పడింది.

వానాకాలం ముందు గుడిసెలు కప్పుకోవడానికి వెదురు, వాసాల ఖర్చు ఇవ్వాలన్నది సంఘం మొదటి డిమాండ్లలో ఒకటి. ఎక్కడో కూర్చుని రాసే వినతిపత్రంలో ఇది ఉండదు. ఏటా జూన్‌లో ఎవరి ఇంట్లో నీళ్లు కారతాయో ఇల్లిల్లూ తిరిగి తెలుసుకుంటేనే వచ్చే డిమాండు ఇది. జూన్ 2 రాత్రి పోలీసులు నియోగిని ఎత్తుకుపోయారు. కార్మికులు మిగిలిన పోలీసులను చుట్టుముట్టారు. ఆ రాత్రి, మర్నాడు జరిగిన కాల్పుల్లో 11 మంది చనిపోయారు. వారిలో అనసూయా బాయి అనే మహిళ, సుదామా అనే పిల్లవాడు ఉన్నారు. అయినా సంఘం చెదరలేదు. డిమాండ్లు సాధించుకుంది.

కూలి పెరిగాక సారా దుకాణాలకు గిరాకీ పెరిగింది. పెరిగిన డబ్బు ఎటు పోతోందో ఆడవాళ్లు చెప్పారు. మద్యం మానేయడం సంఘం కార్యక్రమంగా మారింది. బస్తీల నుంచి, పని చోట్ల నుంచి ఎన్నుకున్న ముఖియాలు సమావేశాలకు వచ్చి తమ దగ్గరి సంగతులు చెప్పేవారు. నిర్ణయాలు ఆ చర్చల్లోంచి వచ్చేవి. ఇది సమాచారం కిందినుంచి పైకి రావడానికి వేసుకున్న దారి కూడా.

సంఘం నాయకురాలు కుసుమ్ బాయి ప్రసవ సమయంలో సరైన వైద్యం అందక చనిపోయారు. ఎవరిని కదిపినా అలాంటి చావు ఒకటి తమ ఇంట్లోనూ ఉందని చెప్పే ప్రాంతం అది. సంఘం సొంతంగా వైద్యం మొదలుపెట్టింది. 1983 జూన్ 3న, కాల్పుల్లో పోయినవారి పేరిట షహీద్ ఆసుపత్రి తలుపులు తెరిచింది. కార్మికుల చందాలు, శ్రమదానంతో కట్టిన ఆసుపత్రి అది. వినాయక్ సేన్ తదితర యువ డాక్టర్లు వచ్చి పనిచేశారు. పోరాటం, నిర్మాణం రెండూ కలిసి నడవాలన్న నియోగి మాటకు ఈ ఆసుపత్రి కళ్లెదుటి సాక్ష్యం.

గనులను పూర్తిగా యంత్రాలతో నింపాలని యాజమాన్యం ప్రతిపాదించినప్పుడు సంఘం ఉత్త నిరసనతో సరిపెట్టుకోలేదు. ఏ పని మనిషి చేస్తే ఎంత ఖర్చు, యంత్రం చేస్తే ఎంత అన్నది ఆ పని చేసేవాళ్ల నుంచే తెలుసుకుంది. కొంత పని యంత్రం, కొంత పని మనిషి చేసే అర్ధ యాంత్రీకరణ పద్ధతిని ముందుపెట్టి ఒప్పించింది. ఇంజినీరు కాగితానికి ఎదురుగా గని కూలీ లెక్క నిలబడింది.

ఈ అడిగే అలవాటే చరిత్రలోకి కూడా వెళ్లింది. సోనాఖాన్ జమీందారు వీర నారాయణ్ సింగ్ 1856 కరవులో ధాన్యం దాచిన వ్యాపారి గిడ్డంగి తెరిపించి జనానికి పంచారు. 1857 డిసెంబర్‌లో బ్రిటిష్ వాళ్లు ఆయన్ను రాయపూర్‌లో ఉరితీశారు. పాఠ్యపుస్తకాల్లో లేని ఈ ఆదివాసీ వీరుడు జనం నోళ్లలో మిగిలి ఉన్నాడు. నియోగి, ఆయన సహచరులు ఆ జ్ఞాపకాన్ని వెతికి పట్టుకున్నారు. 1979 నుంచి సంఘం ఏటా డిసెంబర్‌లో ఆయన వర్ధంతి జరిపింది. ఇవాళ నయా రాయపూర్ క్రికెట్ స్టేడియం ఆయన పేరు మోస్తోంది.

హాజరు పట్టీలో లేని మనుషులు

దశాబ్దం చివరికి భిలాయి చుట్టూ ఉన్న ప్రైవేటు పరిశ్రమల కార్మికులు నియోగి దగ్గరికి రావడం మొదలైంది. జాముల్ సిమెంటు కర్మాగారం కాంట్రాక్టు కార్మికులతో మొదలై, 1990 నాటికి ఇంజినీరింగు, డిస్టిలరీ, తీగ తయారీ ఫ్యాక్టరీలకు పాకింది. ఆయన మకాం దల్లీ రాజహరా నుంచి భిలాయికి మార్చారు.

ఇక్కడి పని గనుల్లో కంటే కష్టం. గనిలో యజమాని ఒక్కరే, ప్రభుత్వ సంస్థ. ఇక్కడ పదుల సంఖ్యలో యజమానులు, వారి కింద మారిపోయే కాంట్రాక్టర్లు. ఏళ్ల తరబడి ఒకే యంత్రం దగ్గర నిలబడ్డవాడి చేతిలో గుర్తింపు కార్డు ఉండదు, జీతం చీటీ ఉండదు. హాజరు పట్టీలో పేరు ఉండదు. కాగితం ప్రకారం ఆ మనిషి ఆ ఫ్యాక్టరీలో లేనే లేడు.

అప్పుడు అమల్లో ఉన్న 1970 నాటి కాంట్రాక్టు కార్మిక చట్టం ప్రకారం ఏదైనా పనిలో కాంట్రాక్టు పద్ధతిని నిషేధించాలంటే ప్రభుత్వం కొన్ని విషయాలు చూడాల్సి ఉండేది. ఆ పని ఆ పరిశ్రమకు అవసరమైనదా, ఏడాది పొడవునా ఉండేదా, ఇలాంటి చోట మామూలుగా పర్మినెంటు కార్మికులు చేసేదేనా, తగినంత మందికి పూర్తికాల ఉపాధి ఇచ్చేదేనా అన్నవి అందులో ఉండేవి. ఇవన్నీ తేలేది కాగితాల్లో. కాగితాలు ఉండేది యజమాని దగ్గర. కాబట్టి కార్మికుల పక్షాన ఉన్నవాళ్లకు మిగిలేది ఒక్కటే, మనుషుల్ని అడగడం. ఏ గేటు నుంచి లోపలికి వెళ్తావు, పని చెప్పేదెవరు, నీ పక్కన ఎవరు నిలబడతారు, ముందు కాంట్రాక్టర్ ఎవరు, చెయ్యి తెగినప్పుడు ఏ డాక్టరు దగ్గరికి తీసుకెళ్లారు? ఒకరి జవాబును ఇంకొకరి జవాబుతో సరిచూస్తే, లేని హాజరు పట్టీ మళ్లీ తయారవుతుంది.

ప్రైవేటు దర్యాప్తులో ఉన్న అసలు చిక్కు కూడా ఇక్కడే బయటపడింది. ప్రశ్న అడిగినవాడికి ఏమీ కాకపోవచ్చు, జవాబు చెప్పినవాడికి మాత్రం ఉద్యోగం పోతుంది. యూనియన్‌తో మాట్లాడారని, జెండా పట్టారని భిలాయిలో పెద్ద సంఖ్యలో కార్మికులను పని నుంచి తీసేశారు. కొందరి మీద గూండాల దాడులు జరిగాయి. 1991 ఫిబ్రవరిలో పాత కేసుల్లో నియోగిని అరెస్టు చేశారు. హైకోర్టు బెయిలుతో బయటికి వచ్చారు. ఆ సెప్టెంబర్‌లో కార్మికులతో ఢిల్లీ వెళ్లి వేల సంతకాల వినతిపత్రం రాష్ట్రపతి ఆర్. వెంకట్రామన్‌కు అందించారు. తిరిగి వచ్చిన కొద్ది రోజులకే హత్య జరిగింది.

ఆ నెలల్లోనే ఆయన తన గురించి తాను ఆరా తీశారు. తన చెవిన పడిన బెదిరింపులను, తనకు అనుమానం ఉన్నవారిని డైరీలో, కేసెట్‌లో భద్రం చేశారు. అయినా పని ఆపలేదు, కిటికీ మూయలేదు.

మరుసటి ఏడాది జులై 1న భిలాయి పవర్ హౌస్ స్టేషన్ దగ్గర పట్టాలపై కూర్చున్న కార్మికులపై పోలీసులు కాల్పులు జరిపారు. పదిహేను మందికి పైగా కార్మికులు చనిపోయారు. వాళ్లు అడిగినవి నియోగి అడిగినవే.

ఊరికి తెలిసింది, కోర్టుకు రుజువైంది

హత్య కేసును సీబీఐ చేపట్టింది. 1997 జూన్ 23న దుర్గ్ సెషన్స్ కోర్టు తీర్పు చెప్పింది. కాల్చిన పల్టన్ మల్లాకు మరణశిక్ష, ఇద్దరు పారిశ్రామికవేత్తలతో సహా అయిదుగురికి యావజ్జీవ శిక్ష. ఏడాది తిరగగానే, 1998 జూన్ 26న మధ్యప్రదేశ్ హైకోర్టు అందరినీ నిర్దోషులుగా వదిలేసింది. 2005 జనవరి 20న సుప్రీంకోర్టు పల్టన్ మల్లా దోషి అని నిర్ధారించి యావజ్జీవ శిక్ష వేసింది. మిగతావారి విడుదలను ఖాయం చేసింది. చట్టం దృష్టిలో వారు నిర్దోషులు.

కాల్చిన చెయ్యి ఎవరిదో తేలింది. ఆ చేతి వెనక ఎవరైనా ఉన్నారా అన్నది రుజువు కాలేదు. హతుడు స్వయంగా రాసిపెట్టిన మాటలు ఎందుకు సరిపోలేదు?

దీనికి జవాబు వెతికితే దారి మన పిఠాపురం దాకా వస్తుంది. పిఠాపురం దివాణంలో ఒకప్పుడు పనిచేసిన మనిషి 1937లో తన బాకీ వసూలు చేసుకోవడానికి బరంపురం వెళ్తున్నానని భార్యకు చెప్పి బయల్దేరాడు. రెండు రోజులకు అతని శవం పూరీ స్టేషన్‌లో, రైలు పెట్టెలోని ఒక ట్రంకు పెట్టెలో దొరికింది. పాకల నారాయణస్వామి కేసుగా న్యాయ విద్యార్థులంతా చదివేది ఇదే. భార్యకు చెప్పిన ఆ మాటను సాక్ష్యంగా తీసుకోవచ్చని 1939లో ప్రివీ కౌన్సిల్ అంది. చనిపోయినవాడి మాట అతని చావుకు దారితీసిన సంఘటనల వరసలో భాగమైతేనే చెల్లుతుందని గీత గీసింది. ఫలానావాడి మీద నాకు అనుమానం, నాకు భయంగా ఉంది అన్న సాధారణ మాటలు ఆ గీతకు అవతలే ఉంటాయని చెప్పింది. బాకీ కోసం ప్రయాణం కట్టడం ఆ వరసలోనిది. నెలల ముందు డైరీలో రాసుకున్న అనుమానాన్ని ఆ వరసలోకి తేవడం చాలా కష్టం. నియోగి డైరీ, కేసెట్ పై కోర్టుల్లో శిక్షలను నిలబెట్టలేకపోయాయి.

ఇందులో ఇంకో మెలిక ఉంది. పల్టన్ మల్లా శిక్షకు ఆధారమైన వాటిలో, అతను తనకు తెలిసిన వ్యక్తి దగ్గర నేరం ఒప్పుకోవడం ఒకటి. పోలీసు అధికారి ముందు నిందితుడు ఒప్పుకుంటే అది మన సాక్ష్య చట్టంలో చెల్లదు. కొట్టి చెప్పించారేమో అన్న అనుమానమే ఆ నిబంధనకు మూలం. 2024 జులైలో భారతీయ సాక్ష్య అధినియం వచ్చినా ఈ సూత్రం మారలేదు. కానీ ఒత్తిడి లేకుండా మామూలు మనిషితో చెప్పుకున్న మాట నమ్మదగిందైతే చెల్లుతుంది. లాఠీ ఉన్నవాడికి చెప్పిన దానికంటే ఏ అధికారమూ లేనివాడికి చెప్పుకున్నదే నిజానికి దగ్గరగా ఉంటుందని చట్టం కూడా ఒప్పుకున్నట్టే. నియోగి జీవితమంతా నమ్మింది ఈ సంగతే.

తెలుగు నేల మీదా ఈ అనుభవం ఉంది. 1975 జులైలో గిరాయిపల్లి అడవిలో నలుగురు విద్యార్థులను కాల్చి చంపిన ఘటనపై 1977లో తార్కుండే కమిటీ ఊళ్లు తిరిగి సాక్ష్యాలు సేకరించింది. ఆ కమిటీతో పనిచేసిన కె.జి. కన్నబిరాన్, ఆ తర్వాతి దశాబ్దాల్లో ఎన్నో నిజనిర్ధారణలు చేసిన కె. బాలగోపాల్ కూడా చేతిలో నోటుపుస్తకం తప్ప ఏ అధికారమూ లేనివాళ్లే. వాళ్ల నివేదికలు నేరుగా ఎవరికీ శిక్ష వేయించలేదు. పోలీసు ప్రకటనే ఏకైక కథనంగా మిగిలిపోకుండా మాత్రం చూశాయి.

ప్రైవేటు దర్యాప్తు బలమూ హద్దూ అక్కడే ఉన్నాయి. అడిగి తెలుసుకున్నదాంతో సంఘం కట్టొచ్చు, ఆసుపత్రి లేపొచ్చు, యాజమాన్యం లెక్క తప్పని చూపొచ్చు, మరుగున పడ్డ వీరుడిని వెలికి తీయొచ్చు. నలుగురికీ తెలిసిన విషయం కోర్టులో నిలబడాలంటే మాత్రం ప్రతి మాటకూ ఒక మనిషి బోనెక్కి, ఎదుటి వకీలు ప్రశ్నలకు తట్టుకోవాలి. అక్కడ అనుమానంతో శిక్ష పడకూడదు. ఆ కట్టుబాటు లేకపోతే ముందుగా బలయ్యేది నియోగి లాంటివాళ్లే. ఎమర్జెన్సీలో ఆయన జైలుకు వెళ్లింది విచారణ లేకుండానే.

కార్మికులు ఆయన్ను దల్లీ రాజహరాలో, తమ ఎర్రజెండా పచ్చజెండాల మధ్య సాగనంపారు. షహీద్ ఆసుపత్రి ఇప్పటికీ నడుస్తోంది. అక్కడికి వచ్చే రోగిని డాక్టర్లు మొదట అడిగేది జబ్బు పేరు కాదు. ఏం పని చేస్తావు, ఎక్కడ ఉంటావు, ఎప్పటి నుంచి ఇలా ఉంది అనే.